ఎర్ర బల్బు కింద బిస్కెట్టు

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే గదికి ఒకటే బల్బు, అదీ ఎర్రది. దాని కింద మాడిన బిస్కెట్టూ, దోరగా కాలిన బిస్కెట్టూ ఒకేలా కనిపిస్తాయి. కన్ను నాలుకను మోసం చెయ్యకూడదని ఆ ఏర్పాటు. సెంటు పూసుకున్నవాళ్లని లోపలికి రానివ్వరు. ముప్పయ్యేళ్లుగా అక్కడ కూర్చుని బాగుందో లేదో తేల్చే పెద్దమనిషిని అందరూ నాలుకయ్య అనేవారు. ఆయన దృష్టిలో మనుషులు రెండు రకాలు: నాలుక ఉన్నవాళ్లు, దాన్ని నోట్లో ఊరికే పడేసుకున్నవాళ్లు. మొదటి రకంలో ఆయనొక్కడే.

రెండో రకానికి నాయకుడు, ఆయన భార్య తమ్ముడు. పొయ్యి మేస్త్రీ. పదకొండు రోజులుగా అతను పంపిన ప్రతి ట్రేనీ ఆయన తిప్పి పంపుతున్నాడు. ఇవాళ్టిదీ తిరిగొస్తే రేపటినుంచి పొయ్యి దగ్గర ఇంకో మనిషి ఉంటాడని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

నాలుకయ్య గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి, ఒక బిస్కెట్టు కొరికాడు. తడిసిన అట్టముక్కలా ఉంది.

"ఏమోయ్, పొయ్యిలో పెట్టావా, నీడన ఆరేశావా?"

"రెండు నిమిషాలు ఎక్కువే కాల్చాను బావా. ఇంకా కాలిస్తే బొగ్గే."

"మీ ఇంట్లో పుట్టినవాళ్లకి నిప్పంటే మొహమాటం. మీ అక్కా అంతే." ట్రేని పక్కకి తోసేశాడు.

తేమ కొలిచే లాబు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "తేమ సరిగ్గానే ఉంది సార్."

"నీ మిషనుకి పళ్లున్నాయా అమ్మా?"

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. పొయ్యి అలారం వెనకాలే కీచుమన్నా పెద్దాయన తల తిప్పకపోవడం ఆమె నాలుగు రోజులుగా చూస్తోంది. వెళ్లి, ఫ్యాక్టరీ వీడియో కోసం కొన్న మైకూ, హెడ్‌ఫోన్లూ తెచ్చింది. సన్నని చప్పుళ్లు మాత్రం బాగా పెంచి, "ఒక్కసారి ఇవి పెట్టుకుని కొరకండి సార్" అంది.

"నాలుకకి చెవిపోగులా?" అని వెక్కిరిస్తూనే పెట్టుకున్నాడు. ఆమె ఇచ్చిన బిస్కెట్టు మైకు ముందు కొరికాడు.

కర్రుమంది. నోట్లో పెళుసుగా విరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదీ బిస్కెట్టంటే! ఎవరు కాల్చారు? రేపటినుంచి వాణ్ని పెట్టండి పొయ్యి దగ్గర!"

"మీ బామ్మర్దిగారే సార్. ఇందాక మీరు తోసేసిన ట్రేలోదే."

హెడ్‌ఫోన్లు తీసి ఇంకోటి కొరికాడు. అట్టముక్క. పెట్టుకున్నాడు. కరకర. తీశాడు. అట్టముక్క.

"పళ్లకి తగిలిన గట్టిదనాన్నీ, చెవికి వినిపించిన చప్పుడునీ మెదడు కలిపి చూసుకుంటుంది సార్" అంది ఆ అమ్మాయి మెల్లగా. "సన్నని చప్పుడు మీకు అందట్లేదు. అందుకని మెత్తగా ఉందనుకుంటోంది. నాలుక తప్పేం లేదు."

నాలుకయ్య ఎర్ర బల్బు వైపు చూశాడు. కంటికి గంతలు కట్టారు, ముక్కుకి కాపలా పెట్టారు. చెవి మాత్రం ముప్పయ్యేళ్లూ ఎవరూ పిలవకుండానే వచ్చి సగం పని చేసిపెట్టింది. పేరేమో నాలుకకి! నాలుకయ్యట, నాలుకయ్య! పదకొండు రోజులు ఇతరుల మీద ఉమ్మిన ఛీత్కారమంతా తిరిగొచ్చి ఆయన నోట్లోనే పడింది.

మేనేజరు లోపలికొచ్చాడు. "ఏం తేల్చారు?"

పొయ్యి మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. పదకొండు రోజుల తిట్లు తిరిగి అప్పజెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నాలుకయ్య తల దించుకున్నాడు.

"బావకి జలుబండీ" అన్నాడు బామ్మర్ది. "ఇవాళే తగ్గింది. బిస్కెట్లు బాగున్నాయంటున్నారు."

నాలుకయ్య తలెత్తాడు. "జలుబూ లేదు, ఏమీ లేదు. పదకొండు ట్రేలూ బాగానే కాలాయి. వినపడనిది నాకు. ఇతన్ని పొయ్యి దగ్గరనుంచి కదిలించకండి. నా చోట్లో ఎవర్ని కూర్చోబెడతారో చూసుకోండి."

మేనేజరు, "ముందు చెవి చూపించుకోండి" అని వెళ్లిపోయాడు.

"జలుబని చెప్పాను కదా బావా!" బామ్మర్ది విసుక్కున్నాడు. "నా అబద్ధం కూడా మెత్తగానే ఉందా నీకు?"

"మీ ఇంటివాళ్లు ఏదీ సరిగ్గా కాల్చి చావరు" అంటూ నాలుకయ్య ట్రేలోంచి ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు, హెడ్‌ఫోన్లు లేకుండానే.