డబ్బా లేని మూత

కుడిచేత్తో తిత్తి నొక్కుతూనే ఉమాపతి ఎడమచేత్తో బిర్యానీ దేగిశాను నిప్పుల మీద తిప్పాడు. నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచింది. తగరం రాసి దూదితో ఒక్క చుట్టు తుడిచేసరికి లోపలంతా తళతళలాడింది. నాచారం చౌరస్తాలో బండి పెట్టుకుని కళాయి పూసేవాడు ఇక అతనొక్కడే. ఊరంతా స్టీలుకు మారినా, పెళ్ళివంటల రాగిపాత్రలు అతణ్ణి పస్తు ఉంచలేదు. పదివేళ్ళూ నల్లబడి గోళ్ళు మొద్దుబారాయన్న చింత కూడా అతనికి లేదు.

పదింటికి జైనబ్ బీ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళుగా ఏటా రంజాన్ ముందు ఆమె తెచ్చేది ఒక్కటే, ఆకువక్కలు పెట్టుకునే రాగి పాన్‌దాన్ మూత. డబ్బా కరాచీలో ఉంది. చిన్నప్పుడు, ఆపా అని పిలుచుకునే అక్క పెళ్ళయి అక్కడికి వెళ్తూ "అమ్మ నాకే ఇచ్చింది" అని డబ్బాను లాక్కుంటే, పదేళ్ళ జైనబ్ మూతను వదల్లేదు. ఆ పెనుగులాటలో అంచుకు సొట్ట పడింది. ఆ తర్వాత ఉత్తరాలు నడిచాయి గాని, డబ్బా నాదంటే నాదన్న పట్టు ఇద్దరిలో ఎవరూ సడలించలేదు. "ఆలు లేదు సూలు లేదు, మూతకు కళాయా ఖాలా" అని ఉమాపతి ఏటా ఆటపట్టించేవాడు.

ఈసారి రంజాన్ కాదు, మార్చి. రెండేళ్ళు ఆగిపోయిన లాహోర్ రైలు జనవరిలో మళ్ళీ కదిలింది. ఆమెకు వీసా వచ్చింది. సాయంత్రమే ఢిల్లీ మీదుగా ప్రయాణం. అక్క దగ్గరే ఉండిపోతుందేమోనని ఉమాపతికి పొద్దుటినుంచీ గుబులుగా ఉంది.

"రెండు దేశాల పెద్దోళ్ళు చేతులు కలిపిన్రు ఖాలా. కాశ్మీర్ సంగతి మెల్లగ సూస్తరట," అన్నాడు.

"మేం గూడ గంతే. డబ్బ ఎవలిదో మెల్లగ సూస్తం. ముందుగాల ముఖం సూడనీ."

ఎన్నడూ చూడని డబ్బాకు ఈ మూత అమరాలి. కరాచీలో తన పని నగుబాటు కాకూడదు. ఉమాపతి సుత్తి తీసి సొట్ట మీద ఆనించాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తియ్యకు బేటా. డబ్బకు గూడ గదే జాగల సొట్ట ఉంటది. గట్లుంటెనే రెండు కూసుంటయి."

సొట్ట జోలికి పోకుండా, ఎప్పుడూ వేసే ఒక్క పూతకు బదులు మూడు పూతలు వేశాడు.

సాయంత్రం జైనబ్ బీ సామానుతో ఆటోలో వచ్చి బండి ముందు దిగింది. మూత అందుకుని, అందులో ముఖం చూసుకుని, కొంగుతో తుడిచి, తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"తీస్కపోవా ఖాలా?"

"నేను తీస్కపోతె ఆపాకు ఈడ ఏం పనుంటది? డబ్బ పట్టుకొని ఆమెనే నా ఎంట రావాలె. గప్పటిదాంక జర మెరిసేటట్టు సూడు."

పొద్దుటి గుబులంతా తీరిపోయి ఉమాపతి హాయిగా నవ్వాడు. ఆమె ఎక్కాక ఆటో స్టేషన్‌కని తార్నాక వైపు మళ్ళింది. మూతను బండి మేకుకు తగిలించి, అతను మళ్ళీ తిత్తి నొక్కాడు. నిప్పుల వెలుగుకు మూత మెరిసింది, అంచున ఆ సొట్ట ఒక్కటీ తప్ప.