వచ్చిన మనిషికి ‘రాలేదు’

ఆ ఆరు నిమిషాలు పోగొట్టింది ఆమె కాదు. మీరు. నాలుగు గేట్లకు రెండే వీల్‌చైర్లు పడేసి, దిగిన విమానం పాతిక నిమిషాల్లో మళ్లీ లేవాలని హుకుం జారీ చేసి, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఒక మనిషి పేరు రాసుకునే మీరు. టికెట్టు ఇంత చవగ్గా ఇస్తున్నామంటే మా ఉద్యోగులే కారణం, మాదంతా ఒకే కుటుంబం అని వేదికలెక్కి చెప్పుకుంటారుగా. ఆ కుటుంబంలో ఒకావిడకు ఒక్క పూట ఎలా గడిచిందో వినండి.

ఉదయం ఆరున్నరకే మూడో గేటు దగ్గర ఆమె రెండో విమానం ఎక్కిస్తోంది. నలభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. జుట్టు నుదురు లాగేలా బిగించి ముడి వేసింది, అది కంపెనీ రూలు. మెడకు పచ్చ గుడ్డ, అదీ రూలే. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగాయి, వాటికి మాత్రం రూలు లేదు. బోర్డింగ్ పాసు మిషన్ కింద పెట్టడం, కీచుమనగానే నవ్వడం, తర్వాతి మనిషి. పదకొండేళ్లుగా ఇదే. అందరూ ‘గేటక్క’ అంటారు. అసలు పేరుతో పిలిచేది మిషన్ ఒక్కటే.

ఆ మిషన్ ఆమె పేరుకు ఎదురుగా ఈ నెల విమానాల ఆలస్యానికి రెండు ఎర్రచుక్కలు పెట్టింది. మూడోది పడితే ఇంటికే. ఇంట్లో భర్త ఉన్నాడు. గోదాములో నడుము పట్టేసి ఏడాదిగా మంచం మీదే. తెల్లారుజామున ఆమె చెప్పులేసుకుంటుంటే అన్నాడు:

“ఇవాళ ఎవరితోనూ పెట్టుకోకే.”

“నేనెప్పుడు పెట్టుకున్నా? పదకొండేళ్లుగా ఇకిలిస్తూనే ఉన్నాగా.”

ఎదురుగా అద్దం. అవతల పది అడుగుల్లో విమానం. ఆమె ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఉద్యోగులకిచ్చే పాసుకు సీటు మిగిలితేనే చోటు. మూడుసార్లు మొగుడూ పెళ్లాం మంచి బట్టలు కట్టుకుని వచ్చారు, మూడుసార్లూ విమానం నిండింది. మూడోసారి బస్సులో తిరిగి వెళ్తూ, “పోనీలే, కిటికీ సీటు దొరికింది” అన్నాడాయన.

ఆమె తెరమీద ఒక మీట ఉంది: ‘రాలేదు’. గేటు మూసే వేళకు ఎవరైనా కనిపించకపోతే అది నొక్కాలి. కంపెనీ బస్సు తిప్పలేక ఆలస్యం చేసినా, కంపెనీ క్యూలోనే గంట నిలబెట్టినా సరే, ‘రాలేదు’ నొక్కితే తప్పు ప్రయాణికుడిది. ఎవరి పేరుకూ చుక్క పడదు. ఈ సంగతి ఎవరూ నేర్పరు. వారం తిరిగేసరికి వేలే నేర్చుకుంటుంది. ఆమె వేలు వందలసార్లు నొక్కింది. అలా మిగిలిపోయిన ఒకాయన అద్దాన్ని రెండు చేతులతో బాదుతుంటే తల వంచుకుని కాగితాలు సర్దింది.

ఆ ఉదయం లిస్టులో ఒక పెద్దావిడ మిగిలింది. కంటి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్తోంది. ఒంటరిగా వచ్చింది. ఒక కన్నుకు కట్టు. షిఫ్టు మొదట్లో గేటక్కే ఆమెను మెట్ల పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, “చక్రాల బండి వస్తుంది, మీరు కదలకండమ్మా” అని చెప్పి వచ్చింది.

గేటు మూసే వేళయింది. బండి రాలేదు. వేలు తన పని తాను చేసింది. రాలేదు.

తలుపు పడిన అర నిమిషానికి మలుపులో చక్రాల చప్పుడు. బండి తోసే బాబాయ్ రొప్పుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“ఒకటో గేటు దగ్గర ఒకాయన్ని దించి పరిగెత్తుకొచ్చా అమ్మాయ్. నాలుగు గేట్లకి రెండు బండ్లు! నాకు రెక్కలు మొలిపించమను, విమానాల కంపెనీయేగా!”

“వచ్చాను తల్లీ, వచ్చేశాను” అంది పెద్దావిడ, తెరిచి ఉన్న కంటితో గొంతు వచ్చిన వైపు వెతుక్కుంటూ. “నువ్వు కదలొద్దన్నావని బాత్రూముకైనా లేవలేదు.”

గేటక్క తెర వైపు చూసింది. రాలేదు అని ఉంది. ఎదురుగా మనిషి ఉంది.

ఇన్‌ఛార్జి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆమె కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. “నొక్కేశావుగా అక్కా, వదిలెయ్. రేపటి విమానంలో పంపిద్దాం.”

“రేపటిదాకా ఈ కంటితో ఎక్కడ కూర్చుంటుంది?”

“రూలక్కా. తలుపు తెరిస్తే మిషన్ నీ పేరే రాస్తుంది. నీకిది మూడోది. బావగారి సంగతి ఆలోచించు.”

ఆలోచించింది. మంచం, మందుల సీసాలు, ఆయన మొహం. తర్వాత తెర మీద వేలు పెట్టి ‘రాలేదు’ తీసేసింది. తలుపు తెరిచింది. బండిని తనే తోసుకుంటూ విమానం దాకా వెళ్లింది. ఆమెను మొదటిసారి గడప దాటనిచ్చిన విమానం అదే. రెండు నిమిషాలు. పెద్దావిడ బెల్టు పెట్టింది, నీళ్లిప్పించింది, దిగిపోయింది.

“నీ పేరేంటమ్మా?” అని వెనక నుంచి అడుగుతోంది పెద్దావిడ. చెప్పే తీరిక లేదు.

విమానం ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఆ తర్వాత ఇంకో మూడు విమానాలు ఎక్కించింది, నవ్వుతూనే. షిఫ్టు దిగే వేళకు ఇన్‌ఛార్జి కాగితంతో వచ్చాడు.

“నా చేతుల్లో ఏముందక్కా. మిషన్ రాసేసింది.”

“తెలుసులే. నీకెన్ని చుక్కలు?”

“ఒకటి.”

“జాగ్రత్త నాయనా.”

మెడ గుడ్డ విప్పి మడిచి ఇచ్చింది. బ్యాడ్జీ ఇచ్చింది. బాబాయ్ ఖాళీ బండితో ఎదురొచ్చాడు. “ఎక్కు అమ్మాయ్, బయటిదాకా తోస్తా.”

“వద్దు బాబాయ్. అవతల ఎవరో కదలకుండా కూర్చునుంటారు, పో.”

అంతే. మనిషి వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం షిఫ్టుకు ముందు ఉద్యోగులంతా వలయంగా నిలబడి చప్పట్లు కొట్టి ‘మనమంతా ఒక కుటుంబం’ అన్నప్పుడు ఒక గొంతు తగ్గింది. మీకు వినపడి ఉండదు.

ఇక చేయాల్సింది వినండి. ఆమెను వెనక్కి పిలవండి. బతిమాలి పిలవండి. నాలుగు గేట్లకు నాలుగు బండ్లు పెట్టండి. నిమిషాలను మనుషుల పేరున రాయడం ఆపి మీ పేరున రాసుకోండి. వచ్చే నెల కాదు, కమిటీ వేసి కాదు, ఈ షిఫ్టు మారేలోపు. అప్పటిదాకా మూడో గేటు కౌంటర్ కింద చెయ్యి పెట్టకండి. ఏసీ చలికి కాళ్లు గడ్డకట్టించే రాతినేల మీద ఆమె నాలుగు మడతలు వేసి పరుచుకున్న పాత దుప్పటి ముక్క అక్కడే ఉంది, రెండు పాదాల గుంటలు ఇంకా పూడకుండా.