తిరిగొచ్చే గిన్నెల జాగా

మరిది పెళ్ళికి తామిచ్చే వలీమా విందంటే పెద్దకోడలికి ఊపిరాడని పని. ఆ ఆదివారం వజీరా పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది గానీ, మనసు ఒక్క క్షణం ఇంట్లో నిలవలేదు. అది జడ్చర్ల రోడ్డులోని ఇంజనీరింగ్ కాలేజీలో, ఎనిమిది కంప్యూటర్ల మధ్య తిష్ఠ వేసుక్కూర్చుంది.

ఆ ఎనిమిదీ ఆమె కోరి నెత్తికెత్తుకున్నవే. తొంభై ఏడులో మహబూబ్‌నగర్‌లో కంప్యూటరంటే చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని చూసే వస్తువు. ఆ కాలేజీలో పాఠాలు చెప్పే వజీరాకు చేతులు కట్టుకోవడం చాతకాదు. ఎనిమిదింటినీ తీగలతో వరసగా కలిపి ఒక్క పెద్ద కంప్యూటర్‌లా పనిచేయించాలని పట్టుబట్టింది. పెట్టిన లెక్క కూడా చిన్నది కాదు. పాలమూరు నేల కింద నీళ్ళు ఏయేటికి ఎంత లోతుకు దిగిపోతాయో తేల్చాలి. జిల్లాను ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చింది. తన ముక్క లెక్క తేలాలంటే ఇతర ముక్కల్లో నీళ్ళెంత లోతున ఉన్నాయో ప్రతి కంప్యూటరూ అడగాలి, అవి జవాబు చెప్పాలి. దూరంగా ఉన్నదాన్ని అడిగితే మధ్యలోవి ఆ ప్రశ్నను అందుకుని ముందుకు పంపాలి.

మొదట్లో అంతా నత్తనడక. వజీరా పోరి పోరి వేగంగా నడిచే నెట్‌వర్క్ కార్డులు తెప్పించింది, సందేశాలు పంపే ప్రోగ్రాం మొదటినుంచీ మళ్ళీ రాసింది. లెక్క పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏ కంప్యూటరూ చెడలేదు, ఏ తీగా తెగలేదు. అలిగిన తోడికోడళ్ళలా ఎవరూ ఉలకరు, పలకరు. ఎన్నిసార్లు నడిపినా అదే తంతు. చివరికి ప్రిన్సిపాల్‌కు విసుగొచ్చింది. "సోమవారం పొద్దున వీటిని ఆఫీసు గదులకు పంచేస్తానమ్మా. టైపింగుకైనా పనికొస్తాయి" అన్నాడు. ఆమె కష్టం టైపింగు పాలు కావడానికి మిగిలింది ఒక్క ఆదివారం. ఆ ఒక్క ఆదివారమూ వలీమాకే పోయింది.

ఆ ఇంట్లో వంట వెనక దొడ్లో, ఆడవాళ్ళ బంతి ముందు వాకిట్లో. రెండింటికీ మధ్య ఒక సందు. దాన్ని కట్టించిన పెద్దమనిషి బక్కపలచని వాడై ఉండాలి, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. అందుకే ఏ దావత్ అయినా ఆడవాళ్ళు సందు పొడవునా వరసగా నిలబడి, నిండు గిన్నెలు ముందుకూ ఖాళీ గిన్నెలు వెనక్కూ చేతులు మారుస్తారు. కోడళ్ళు, ఆడబిడ్డలు, పక్కింటి కృష్ణమ్మ. కృష్ణమ్మ ఆ ఇంటి మాంసం ముట్టదు గానీ వరసలో తన జాగా మాత్రం ఎవరికీ ఇవ్వదు.

అత్త లాల్ బీకి ఆ వరసతో పనిలేదు. ఆమె పెళ్ళికొడుకు తల్లి. తఖ్తు బల్ల మీద వియ్యపురాలి పక్కన కూర్చుని సలాములు అందుకోవాలి, ఆమెతో ఒకే పళ్ళెంలో తినాలి. ఎదురుచూసి ఎదురుచూసి దొరికిన మర్యాద అది.

అనుకున్నదానికన్నా జనం బాగా ఎక్కువ వచ్చారు. వాకిట్లోంచి "బగారా తేండ్రి, దాల్చా తేండ్రి" అని ఒకటే కేకలు. సందులో చేతులు వేగం పెంచాయి. పెంచాక ఏముంది, వజీరా రెండు చేతుల్లో బగారా గిన్నె, ఎదురుగా కృష్ణమ్మ రెండు చేతుల్లో ఖాళీ గిన్నెల దొంతర. వెనకా ముందూ అందరిదీ అదే గతి. కింద పెడదామంటే బురద.

"పట్టు వజీరా!"

"ఏడ పట్టాలె పెద్దమ్మా, నా చేతులు ఖాళీగున్నయా?"

"మరి నాయి ఖాళీగున్నయా? గిట్లనే నిలవడితె పెండ్లికొడుక్కు పిల్లలు పుడుతరు!"

సందంతా నవ్వులు. కృష్ణమ్మ ఇక లాభం లేదనుకుని ఖాళీ దొంతరను చంకలో ఇరికించుకుంది, చేతులు చాపి బగారా అందుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ ఖాళీవి చంకలోకి, నిండువి చేతుల్లోకి. వరస కదిలింది.

వజీరా మాత్రం కదల్లేదు. తన కంప్యూటర్లకు చంక లేదు! సందేశాలు దారిలో కాసేపు ఆగడానికి ఒక్కో కంప్యూటర్‌లో ఆమె ఇచ్చింది ఒకటే జాగా. ప్రశ్నకూ అదే, జవాబుకూ అదే. వేగం పెరిగేసరికి ప్రశ్నలే దాన్ని నింపేస్తున్నాయి. జవాబు బయటికి పోతే తప్ప కంప్యూటర్లు కొత్త ప్రశ్న అందుకోలేవు, జవాబు పోవడానికేమో దారిలో చోటు లేదు. జవాబులకు విడిగా జాగా కట్టాలి. ప్రశ్నలు ఎంత తోసుకొచ్చినా దాని జోలికి పోకూడదు. ఇన్నాళ్ళూ తీగల వేగమే చూసుకుంది తప్ప ఈ సంగతి తట్టనే లేదు.

చేతికొచ్చిన తరవాతి గిన్నె ఆడబిడ్డకిచ్చి తఖ్తు దగ్గరికి వెళ్ళింది. పెద్దకోడలు వలీమా మధ్యలో వెళ్ళిపోతే చుట్టాలు ఏడాదిపాటు నమలడానికి సరిపోతుంది.

"అత్తమ్మా, మిషన్లు ఎందుకు ఆగుతున్నయో ఇప్పుడే సమజయింది. రేపు పొద్దున ఎత్తుకపోతరు. నేను పోవాలె" అంది చెవిలో.

లాల్ బీ ఒకసారి కోడలి మొహం చూసింది, ఒకసారి చుట్టూ ఉన్న చుట్టాలను చూసింది. లేచి కొంగు నడుముకు దోపింది.

"మీరెందుకు లేస్తుండ్రు?"

"నీ జాగా ఖాళీగుంటె అందరు నువ్వేడ అని అడుగుతరు. నువ్వు ఫికర్ చెయ్యకు, జల్ది పో బిడ్డా."

వజీరా ఆటో పట్టుకుంది. పట్టుచీరతోనే లాబ్‌లో కూర్చుని, ప్రతి కంప్యూటర్‌లో జవాబులకు వేరే జాగా కేటాయించి, ప్రోగ్రాం సరిచేసి నడిపింది. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. లెక్క ఆ చోటు దాటిపోయింది, మళ్ళీ ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలేవేళకు జిల్లా మొత్తం తేలింది. ఫోను చేస్తే ప్రిన్సిపాల్ స్కూటర్ మీద వచ్చాడు. ఒకసారి చాలదని మళ్ళీ నడిపించి, చివరిదాకా నిలబడి చూశాడు. "ఇవి ఇక్కడే ఉండనీ అమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. లాల్ బీ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. కృష్ణమ్మ కొబ్బరినూనె రాస్తోంది.

"ఆఖరి బంతి లేచేదాంక సందులనే ఉన్నది మీ అత్త" అంది కృష్ణమ్మ. "వియ్యపురాలితోని ఒక్క పళ్ళెంల తిననే లేదు. మీ చుట్టాలు ముక్కులిరిసిండ్రు. గామె ఏం జేసిందో ఎర్కనా? వియ్యపురాలు! చెప్పులు ఇడిసి, వచ్చి మీ అత్త పక్కన నిలవడ్డది. గిన్నెలందుకున్నది."

వజీరా మంచం పక్కన కూలబడింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "మీ వల్లనే అత్తమ్మా. మీరు లేకుంటె నా కష్టమంత పోతుండె. ఈ రుణం నేనెట్ల తీర్చుకోవాలె?"

"రుణమేందే? అయినయా నీ లెక్కలు?"

"అయినయి."

"నాకు సదువు రాదు బిడ్డా. నీ పనిల నేనేం సాయం జెయ్యగల్గుత? నిలవడుడొక్కటి వస్తది. నిలవడ్డ."

కృష్ణమ్మ పక్కకు జరిగి నూనె గిన్నె అందించింది. వజీరా పట్టుచీర సంగతి చూసుకోకుండా ఆ పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుంది.