గొళ్లెం కదిలింది

గొళ్లెం కొట్టుకుంటోంది.

టక్... టక్...

గాలే. మబ్బు పట్టిన మధ్యాహ్నపు గాలి. అయినా అమ్మ కళ్లు తలుపు మీదే.

కంచంలో అన్నం చల్లారిపోయింది. కొడుకు పని సగంలో ఆపి పరిగెత్తుకొచ్చాడు. వేళ్ల సందుల్లో లేత్ మిషను నూనె. ఎంత రుద్దినా వదలని నూనె.

"నువ్వెవరు బాబూ?"

"నేనేనమ్మా. నీ కొడుకుని."

"మావాడు బడికెళ్లాడు. వాడొచ్చాక తింటాలే."

బడి!

మతిమరుపు అన్నీ మింగేసి ఆ ఒక్క మాటే మిగిల్చింది. అయిదో క్లాసులో బడి మాన్పించి చేతికి సుత్తి ఇచ్చిందెవరు? వీడికి చదువెందుకని నాన్న అంటే నోరు మెదపనిదెవరు?

వంటింటి గుమ్మంలో భార్య గొంతు తగ్గించింది. "నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదండీ. ఈ పూట తినకపోతే ముక్కులో గొట్టమేనన్నాడు డాక్టరు. పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టేస్తారట."

ఆ చేతులు.

టక్...

అమ్మ వణికింది. దుప్పటి కోసం ట్రంకుపెట్టె తెరిచాడు. చీరల అడుగున —

పుస్తకం.

అట్ట మీద చీకటి మెట్లు. ఒక చెయ్యి. ఒక కత్తి. ఎర్రటి అక్షరాల్లో రచయిత పేరు. ఒకప్పుడు భయం కథలతో ఇంటింటా జనాన్ని హడలెత్తించిన వాడట. ఇప్పుడు అడిగే దిక్కులేదు.

కొడుక్కి చదువు దండగ. తనకి మాత్రం పుస్తకం!

విసిరికొట్టబోయాడు.

విసరలేదు. పేజీ నిండా మరకలు. అన్నం మెతుకు ఎండి అతుక్కున్న గుర్తు... వేలిముద్ర... ఇంకో వేలిముద్ర...

కూడబలుక్కుంటూ చదివాడు. "మె... మెట్ల మీద... అడుగుల చప్పుడు... ఆగింది. గొళ్లెం... దానంతటదే... కదిలింది."

వేలు మళ్లీ ఆ వాక్యం మొదటికే జరిపాడు.

ఈ మాట తనకు తెలుసు. ఎన్నడూ చదవని మాట — తెలుసు.

చిన్నప్పుడు... అమ్మ చేతిలో ముద్ద. నోరు బిగించుకున్న పిల్లవాడు. 'గొళ్లెం కదిలింది...' అని ఆపేసేది. 'తర్వాత?' అని నోరు తెరిస్తే ముద్ద లోపలికి. మళ్లీ 'తర్వాత?' మళ్లీ ముద్ద.

ఇన్నాళ్లూ అవి అమ్మ అల్లిన కథలనుకున్నాడు. ఈ కత్తిబొమ్మ పుస్తకంలోవా!

"తర్వాత?"

అమ్మ. తలుపు మీంచి చూపు తిప్పింది.

అతను ముద్ద ఎత్తాడు. "ఇది తింటే చెప్తా."

అమ్మ పెదవులు విడలేదు.

గాలి ఆగింది. గుమ్మంలో భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ చెయ్యి మెల్లగా లేచింది. అతని వేళ్లలోంచి ముద్ద తీసుకుంది. నేలకు కొడుతుందా... మొహాన కొడుతుందా...

ముద్ద అతని నోటి దగ్గరికొచ్చింది.

"తలుపవతల ఎవరో తెలుసా?" కళ్లు ఇంతింత చేసింది. పుస్తకం వంక చూడనైనా లేదు. "ముందు నువ్వు నోరు తెరువు."

ఆ చెయ్యి నెట్టేయాలో, పట్టుకుని ఏడవాలో తెలియలేదు.

నోరు తెరిచాడు.

చల్లటి అన్నం. నూనె వాసన.

మింగాడు. ఇంకో ముద్ద కలిపి ఆమె పెదవుల ముందు పట్టాడు.

"తర్వాత?"

ఆ పెదవులు కదిలాయి — చెప్పడానికో, తినడానికో...

గొళ్లెం కొట్టుకుంది.

టక్...