బాణీ ఎవరిది?

రామలింగం–వాహెద్ జంట పేరు వినని ఇల్లు పాతబస్తీలో ఉండదు. లాల్‌దర్వాజా రామలింగం మాటలు రాస్తే, మొఘల్‌పురా అబ్దుల్ వాహెద్ వాటికి బాణీలు కట్టేవాడు. బోనాల ఊరేగింపుల్లో, పెళ్లి బరాత్‌లలో, ఆటోల్లో ఏళ్లకేళ్లు వాళ్ల క్యాసెట్లే మోగాయి.

ఆ జంటను ఒక టీవీ ఇంటర్వ్యూ విడదీసింది. బాణీలు ఎట్లా పుట్టేవని అడిగితే రామలింగం నవ్వాడు. "మాటతోటే బాణీ గూడ నా నోట్లకెల్లి వస్తుండె. వాహెద్ భాయ్ హార్మోనియం మీద వేళ్లు పెడుతుండె, గంతే."

వాహెద్ ఇంట్లో అందరూ కూర్చుని ఆ కార్యక్రమం చూస్తున్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన కూతురు సురయ్యాను వెంటబెట్టుకుని లాల్‌దర్వాజాకు వెళ్లాడు.

"ఒక్క మాట సరిదిద్దు భాయ్. ఇంకేం అడుగను" అన్నాడు.

"ఏదో నోరు జారింది. మళ్ల పోయి చెప్తే నా ఇజ్జత్ ఏం గావాలె? లొల్లి చెయ్యకు" అని రామలింగం లోపలికి వెళ్లిపోయాడు.

వాహెద్ ఆ తర్వాత ఒక్క బాణీ కూడా కట్టలేదు. అడిగినవాళ్లతో "నాకు రాదంట గదా" అనేవాడు. పదకొండేళ్లు అట్లాగే బతికి కన్నుమూశాడు. జనాజాకు రాని రామలింగం, సంతాప సభలో మాత్రం మైకు పట్టుకుని ఏడ్చాడు. సురయ్యా వెనక వరుసలో నిలబడి ఆ ఏడుపు చివరిదాకా చూసింది.

ఇప్పుడామెకు నలభై ఆరేళ్లు. మలక్‌పేటలో ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. కిందటేడు కీర్తిప్రియ అనే యువ సంగీత దర్శకురాలు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆ జంటకు నివాళిగా పది పాటలను కొత్త గొంతులతో పాడించి ఆల్బమ్ తెస్తోందట.

"ఒక్క పాటన్నా మీరు పాడాలె అక్కా" అంటూ అట్ట నమూనా చూపించింది. దానిమీద 'రచన, బాణీలు: రామలింగం. వాద్య సహకారం: అబ్దుల్ వాహెద్' అని ఉంది.

"గిది ఎవరు చెప్పిండ్రు?"

"రామలింగం సారే. పాత క్యాసెట్ల మీద ఉత్త జంట పేరే ఉన్నది. ఎవరు ఏం చేసిండ్రో మాకేం తెలుసు?"

సురయ్యా ఒళ్లు మండిపోయింది. కానీ అరిస్తే అది తన మాట మీద ఆయన మాట అవుతుంది, జనం ఆయన మాటే నమ్ముతారు. అందుకే చాయ్ ఇచ్చి, "పాడుత. జర టైమియ్యి" అంది.

ఆ సాయంత్రం తండ్రి పెట్టె దించి కాగితాలన్నీ తిరగేసింది. ఇంటర్వ్యూకు వారం ముందు రామలింగం రాసిచ్చిన పాట ఒకటి దొరికింది. గాజులమ్మే ముసలవ్వ పాట అది. పైన ఉర్దూలో తండ్రి చేతిరాత: 'బాణీ ఇంకా కట్టలేదు.' ఆ తర్వాత కట్టే రోజే రాలేదు.

ఆ పాటకు సురయ్యా బాణీ కట్టడం మొదలుపెట్టింది. రోజూ బడికి పోయే బస్సులో కూనిరాగం తీసి ఫోన్లో రికార్డు చేసుకునేది. పగతోనే మొదలుపెట్టింది. కానీ బాణీ నాసిగా ఉంటే రామలింగం 'నాది' అనడు. 'నాది' అనాలంటే అది వాహెద్ బాణీకి దీటుగా ఉండాలి. మూడు వారాల్లో పదిహేనుసార్లు మార్చి కట్టింది.

తర్వాత కీర్తిప్రియకు ఫోన్ చేసింది. "విడుదల గాని పాట ఒకటి దొరికింది. రామలింగం చాచా ముందర్నే పాడుత. వీడియో తియ్యి."

డెబ్బై తొమ్మిదేళ్ల రామలింగం భార్య నాగమణమ్మతో స్టూడియోకు వచ్చాడు. సురయ్యా పాడింది. పాట అయ్యేసరికి నాగమణమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"బాణీ యాదికొచ్చిందా చాచా?" అని సురయ్యా అడిగింది.

"ఎందుకు రాదు బిడ్డా? మా అరుగు మీద కూసొని కట్టిన. మీ అబ్బా హార్మోనియం పట్టుకొని ఎదురుంగ కూసున్నడు. రెండో చరణంల మలుపున్నది సూడు, దానికే మూడు దినాలు పట్టింది."

"మంచిగ యాదున్నదా?"

"నిన్న మొన్నటి లెక్క."

సురయ్యా కాగితం కెమెరాకు చూపి తండ్రి రాసింది చదివింది. "గీ బాణీ నాది చాచా. పోయిన నెల బస్సుల కట్టిన" అని ఫోన్లో మొదటి రికార్డు పెట్టింది. తేదీ తెరమీద కనిపిస్తోంది. సగం కూనిరాగం, మధ్యలో కండక్టర్ "మలక్‌పేట, దిగుండ్రి" అన్న కేక.

రామలింగం కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "కెమెరా బంద్ చెయ్యమను బిడ్డా."

"మా అబ్బా గూడ ఒక్కటే మాట అడిగిండు. పది పాటల బాణీలు ఎవరివో చెప్పుండ్రి."

"వాహెద్‌వి" అన్నాడు గొణుగుతూ.

"గట్టిగ."

"వాహెద్‌వే!"

నాగమణమ్మ తల దించుకుంది. సురయ్యాకు జాలి కలగలేదు. పదకొండేళ్లు తండ్రి ముఖం చూసిన కళ్లకు ఈ ముఖంలోని బాధ ఇంకా తక్కువే అనిపించింది.

అట్ట మీద పేర్లు మారాయి. రాసిన రామలింగం సంతకం లేక గాజులవ్వ పాట మాత్రం ఆల్బమ్‌లో చేరలేదు. పాట అయ్యాక జరిగిన మాటల వీడియోను ఎక్కడా కత్తిరించకుండా ఆల్బమ్‌తో పాటే బయట పెట్టించింది. వారంలో పాతబస్తీ అంతా చూసింది. మంగలి దుకాణంలో ఎవరో "గీ కత్తెర చప్పుడు బాణీ గూడ నీదేనా సాబ్?" అన్నారట. రామలింగం ఇల్లు కదలడం మానేశాడు.

నెల తర్వాత నాగమణమ్మ ఒక్కతే సురయ్యా ఇంటికి వచ్చింది.

"అన్నం సరిగ తింటలేడు. గా వీడియో తీసెయ్యి బిడ్డా. చిన్నప్పుడు నీకు నా చేత్తోటి తినిపించిన."

"తినిపించినవు పెద్దమ్మా, మరువలే. ఏమన్నా అడుగు, అది మాత్రం అడగకు."

నాగమణమ్మ కొంగు ముడి విప్పి మడత కాగితం తీసింది. గాజులవ్వ పాటను విడుదల చేసుకోవచ్చని రామలింగం సంతకం. కింద వంకర అక్షరాల్లో 'రచన: రామలింగం, బాణీ: సురయ్యా' అని ఉంది.

"మాఫీ కోసం పంపిండా?"

"అడిగిన. కాదన్నడు. బాణీ మంచిగున్నది, ఆపొద్దన్నడు."

ఆమె వెళ్లాక సురయ్యా ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. ఆయన మెప్పు తనకు సంతోషం కలిగించకూడదని ఎంత అనుకున్నా కలిగింది. అందుకు తనమీద తనకే కోపం వచ్చింది. కీర్తిప్రియకు ఫోన్ చేసి పాట విడుదల చెయ్యమంది.

"మరి వీడియో అక్కా?"

"ఉండనియ్యి" అంది సురయ్యా.