చిన్న క్రేన్

గాలివానకు పెరట్లోని నిద్రగన్నేరు చెట్టు వంటింటి రేకుల మీదికి ఒరిగినప్పటి నుంచి రూతు అక్కడ పొయ్యి వెలిగించలేదు. చిన్న గాలికే చెట్టు వేళ్ళ దగ్గర కిర్రుమనేది. ఆ చప్పుడుకి ఆమె చేతిలోని గిన్నె చేతిలోనే ఉండిపోయేది.

భర్త జాన్సన్ క్రేన్ డ్రైవరు. ఆ ఉదయం ఓనర్‌ని అడిగి చిన్న క్రేన్ తెచ్చాడు. వాళ్ళుండే మట్టెవాడ సందులో పట్టేది అదొక్కటే. ఇంటి ముందు నిలిపి, దాని ఇనుప చేతిని కప్పు మీదుగా పెరట్లోకి చాపాడు.

రూతు ఆ చేతి పొడవు చూసింది. పెళ్ళైన కొత్తలో అతనే చెప్పాడు: నిండు బిందె చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా మోస్తావు, చెయ్యి చాపి పట్టుకుంటే ఒక్క గడియ ఆగలేవు, క్రేన్ కూడా అంతేనని.

“గ్రేస్ డాడీ, గింత దూరం చాపితే మొయ్యదు. నువ్వే చెప్తివి గదా.”

“కొమ్మలు చిన్నచిన్నగ కోయిస్త. ఫికర్ జెయ్యకు.”

“రాజక్క వాకిట్ల నిలబెడితే పెద్ద క్రేన్ పడతది. చెట్టుకు గూడ దగ్గర.”

“పోయి ఆమె కాళ్ళు పట్టుకోమంటవా?”

రాజక్కది వెనక ఇల్లు. ఆకులు రాలి తన మోరీ కాలువ నిండుతోందని, చెట్టు కొట్టించమని ఎన్నిసార్లో మొత్తుకుంది. మా నాయన నాటిన చెట్టు, కొట్టేది లేదన్నాడు జాన్సన్. అప్పటి నుంచి రెండిళ్ళకీ మాటల్లేవు.

జాన్సన్ వెంట వచ్చిన హెల్పర్ ఎల్లస్వామి రంపంతో చెట్టెక్కాడు. రేకుల మీదున్న పెద్ద కొమ్మకి పట్టీ చుట్టి కొక్కేనికి తగిలించాడు. జాన్సన్ ఇనుప తాడు బిగించాడు. రంపం మొదలైంది.

రూతు కొమ్మని చూడలేదు. సందులో నిలబడి క్రేన్ వెనక చక్రాన్నే చూస్తోంది. వాన నీళ్ళు తాగిన కొమ్మ సగం తెగేసరికి క్రేన్ మూలిగింది. చక్రానికీ సీసీ రోడ్డుకీ మధ్య సన్నగా వెలుతురు కనిపించింది.

“ఆపుండ్రి! చక్రం లేస్తాంది!”

రంపం ఆగింది. జాన్సన్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

“ఎల్లస్వామీ, దిగు! వదిలితే కొమ్మ విరిగి బండిని గుంజుకపోతది. పట్టుకుంటే బండి లేస్తాంది.”

“నువ్వు గూడ దిగు!” అరిచింది రూతు.

“నేను దిగితే దీన్నెవలు పట్టుకోవాలె?”

సందులో మగవాళ్ళు పరుగున వచ్చి క్రేన్ వెనక భాగం ఎక్కి వేలాడారు. చక్రం నేలకి ఆనింది. మళ్ళీ లేచింది. కిందికి దిగిన ఎల్లస్వామి కూడా వాళ్ళ మధ్య ఎక్కి, ఓనర్‌కి ఫోన్ కలిపాడు. “సేఠ్, పెద్ద బండి పంపు, జల్ది!” అని, రూతు వైపు తిరిగి, “వదినె, రాజక్కనడుగు!” అన్నాడు.

రూతు చెప్పులు లేకుండానే సందు చుట్టి వెనక రోడ్డుకి పరుగెత్తింది. రాజక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“అక్కా, నీ వాకిట్ల పెద్ద క్రేన్ నిలవాలె. మాయన బండిల ఇరుక్కున్నడు.”

“నాడు చెట్టు కొట్టియ్యుమంటే మీ మామ నాటిండంటిరి. ఇయ్యాల నా వాకిలి యాదికొచ్చిందా?”

“అక్కా, చక్రం లేస్తాంది,” అంది రూతు.

రాజక్క ఆమె కాళ్ళ వైపు చూసింది. ఎక్కడ కోసుకుందో, మడమ నుంచి రక్తం కారుతోంది. రాజక్క చాట పక్కన పెట్టి లేచి, దండెం మీది బట్టలు ఒక్క గుంజుతో లాగేసింది.

“చూస్తవేంది పిల్లా? గేటుంటే పెద్ద బండి లోపటికి పట్టదు. అటు పట్టు, ఊడదీద్దాం.”

గేటు ఊడింది. పెద్ద క్రేన్ ఇంకా రాలేదు. ఇంటి అవతల నుంచి ఎవరో అరిచినప్పుడల్లా రూతు ప్రార్థన మొదలుపెట్టేది, సగంలో మాటలు మరిచిపోయేది. జాన్సన్ గొంతు వినబడితే బాగుండుననిపించింది. అది మాత్రం వినబడలేదు.

చివరికి పెద్ద క్రేన్ వచ్చింది. రాజక్క వాకిట్లో చెక్కలు పరిచి నాలుగు ఇనుప కాళ్ళూ ఆనించింది. ఒక కాలు తులసి గద్దెకి జానెడు దూరంలో దిగింది. రాజక్క పళ్ళు బిగించింది. కొత్త కొక్కెం కొమ్మ బరువు అందుకుంది.

“చక్రం దిగిందీ!” సందులో ఎల్లస్వామి కేక.

కాసేపటికి జాన్సన్ గోడ పట్టుకుంటూ వచ్చి, గేటు లేని ఆ గుమ్మం బయటే ఆగిపోయాడు.

“లోపటికి రా. నీ బండే వచ్చినంక నీకేం సిగ్గు?” రాజక్క చెంబుతో నీళ్ళిచ్చింది. “ఆకులు మాత్రం నీ పెండ్లామే ఊడ్వాలె.”

రూతు అప్పటికే చీపురు తీసింది. కానీ చూపంతా జాన్సన్ మీదే. ఊడ్చినకొద్దీ ఆకులు వాకిలంతా చెదిరిపోతున్నాయి.