అంటించిన తలుపు

నా తోడికోడలి సంచీ నేనే సర్దుతున్నాను. సర్దడానికి ఏముంది? రెండు జతల బట్టలు, తువ్వాలు, దారిలో తినడానికి రొట్టె. వాళ్ళమ్మకు బాగోలేదని కబురొచ్చింది. నాలుగు రోజులుండి వచ్చెయ్యమని మా మరిది పొద్దున్నే చెప్పి పనికి పోయాడు. బయట మంచు మొదలవుతోంది, కోటేదే అని అడిగితే, అది వెనకగది తలుపు వైపు చూసింది.

ఆ తలుపు చుట్టూ కాగితం పట్టీలున్నాయి. చలి ముదిరేలోగా వెనకగదులు మూసేసి, ఇంటిల్లిపాదీ ముందు రెండు గదుల్లోకి సర్దుకోవడం మా ఇంటి పద్ధతి. ఆ చాకిరీ అంతా ఆడవాళ్ళదే. కిటికీ సందుల్లో గుడ్డ పేలికలు కుక్కి, పైన పాత పేపరు పట్టీలు మైదా జిగురుతో అంటించాలి. నీళ్ళ గొట్టాలకు గోనెపట్టా చుట్టాలి. బొగ్గు లోపలికి మొయ్యాలి. నాకు నాలుగక్షరాలు వచ్చాయంటే ఆ పట్టీల మీద కూడబలుక్కున్నవే; ఏ వార్తకూ మొదలుంటే చివర ఉండేది కాదు. పగిలిన వేళ్ళకు జిగురు తగిలి భగ్గుమనేది. అంతా అయ్యాక మా ఆయన పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని, ఈ ఏడు చలి అంతగా లేదే అనేవారు. ఏటా అదే మాట. నిజంగానే తగ్గిందేమోనని నేను బయటికెళ్ళి చూసొచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకసారి అంటించిన తలుపు మంచు కరిగేదాకా తెరవకూడదు, అది అత్తగారి శాసనం. పట్టీ చిరిగితే ఆ తర్వాత ఇంట్లో ఎవరు దగ్గినా పాపం చింపినదానిదే. ఈసారి మూసే ముందు చిన్నకోడలి ట్రంకుపెట్టె ఆవిడే లోపల పెట్టించిందట. చలికాలంలో కోడలు గడప దాటే పనేముంది, కోటెందుకు అందట. నాకిదంతా అప్పుడే తెలిసింది. నేను పట్టీలు అంటిస్తున్నంతసేపూ జిగురు గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది ఈ పిల్లే. ఒక్క మాట అనలేదు.

పెళ్ళికి ముందు అది ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణంలో పనిచేసేది. కత్తెరలున్న రేకుడబ్బా కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఆ డబ్బా కనిపిస్తే చాలు, కంచంలో వెంట్రుక వచ్చినట్టు ముఖం పెట్టేది మా అత్తగారు. అయినా ఓ మధ్యాహ్నం తలుపు గడియ వేయించి, తన జుట్టు చివర్లు దానిచేతే కత్తిరింపించుకుంది. మగాళ్ళకు చెప్పొద్దంది. ఆ ఒక్క పూట ముగ్గురం కలిసి నవ్వుకున్నాం.

రొట్టె అందుకుంటుంటే దాని మణికట్టు కనిపించింది. కమిలిపోయి ఉంది. పొయ్యి తగిలిందక్కా అంది. ఆ వారమంతా పొయ్యి దగ్గరికి వెళ్ళింది నేనొక్కదాన్నే.

నాకు లెక్క అర్థమవుతూనే ఉంది. చేతిలో పని లేని కూతురిని పుట్టింట్లో ఎన్నాళ్ళు ఉండనిస్తారు? డబ్బా ఆ తలుపు వెనకే ఉంటే ఇది తిరిగొచ్చి తీరుతుంది. నా పక్కన బొగ్గు మోస్తుంది. అక్కా అని పిలుస్తుంది. ఈ ఇంట్లో ఆ పిలుపు తప్ప నాకంటూ ఉన్నదేమిటి? అయినా లేచి, వంటగదిలోంచి కత్తి తెచ్చి పట్టీల కింద దూర్చాను.

"ఏమిటే ఆ చప్పుడు?" ముందుగదిలోంచి అత్తగారు.

"వెనకగది తెరుస్తున్నానత్తయ్యా."

"నీకేమైనా మతి పోయిందా? చలికి చచ్చిపోతాం. మీ ఆయన్ని రానీ, చెప్తాను."

"చెప్పండి."

పెళ్ళయ్యాక ఆవిడతో నేను ఆ మాట అనడం అదే మొదలు. గది లోపల నా ఊపిరి తెల్లగా పొగలా లేచింది. కోటు తెచ్చి దాని భుజాల మీద వేశాను. రేకుడబ్బా సంచీ అడుగున పెట్టి, పైన బట్టలు కప్పాను.

"కోటు చాలక్కా. నాలుగు రోజులకేగా."

"ఉండనీలే. బరువేం కాదు."

అది నా ముఖంలోకి చూసి, తల దించుకుని గుండీలు పెట్టుకుంది. ఒకటి తప్పు కాజాలోకి పోతే నేనే సరిచేశాను.

"చలి తగ్గాక వచ్చేస్తానక్కా" అంది.

దాని మాటలో నాలుగు రోజులు కాస్తా చలికాలమంతా అయింది. ఇద్దరం గమనించనట్టే ఊరుకున్నాం. జాగ్రత్తగా వెళ్ళమన్నాను. వీధి మలుపులో అది ఒకసారి ఆగింది; వెనక్కి చూస్తుందేమోనని భయపడి నేను లోపలికి వచ్చేశాను.

పట్టీ చింపినందుకు ఆ రాత్రి మా ఆయన అనాల్సినవన్నీ అన్నారు. చిన్నదాని కోసం రెండుసార్లు మనుషులు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. నేను ఆ ఇంట్లోనే ముసలిదాన్నయ్యాను.

నా తోడికోడలు మొదటి మంచు పడిన రోజున వెళ్ళింది. ఆ చలికాలం పోయాక రాలేదు. తర్వాత ఏ చలికాలం పోయాకా రాలేదు.